జవాబును మార్చే ఫిక్స్: ఒక గణాంక లైబ్రరీ ప్యాచ్ రిలీజ్ కేస్ స్టడీ

మేము నడిపేది ఒక ఓపెన్ సోర్స్ గణాంక లైబ్రరీ. లోపల సీ++, పైన పైథాన్. రిలీజ్ బాధ్యత ప్రస్తుతం నాది. కోడ్ ఎక్కువగా రాసేది మిగతావాళ్లు. ఏ మార్పు ఏ బ్రాంచ్‌లోకి (కోడ్ సమాంతర ప్రతుల్లో దేనిలోకి) వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి, వాడేవాళ్లకు దాని గురించి ఏం చెప్పాలి అన్నవి నేను చూసుకుంటాను. 2.3 వరుసలో దొరికిన ఒక బగ్‌ను సరిచేసి, 2.3.4 అనే ప్యాచ్ రిలీజ్‌గా (తప్పులు సరిచేయడానికే ఇచ్చే చిన్న వెర్షన్‌గా) బయటికి పంపిన క్రమం ఇది. క్రాష్‌ను సరిచేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. జవాబును సరిచేస్తే మాత్రం, పాత జవాబును నమ్ముకుని పని చేస్తున్న ప్రతి ఒక్కరితో మాట్లాడాల్సి వస్తుంది. లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్‌లో రిలీజ్ పని కష్టమంతా అక్కడే ఉంది.

మా పద్ధతి చాలా ప్రాజెక్టులకు తెలిసిందే. ఏ ఫిక్స్ అయినా ముందు మెయిన్ బ్రాంచ్‌లో కలుస్తుంది. విడుదలైన ప్రతి వరుసకూ ఒక మెయింటెనెన్స్ బ్రాంచ్ ఉంటుంది. అవసరమైన కమిట్‌లను (నమోదైన ఒక్కో మార్పును) మెయిన్ నుంచి చెర్రీ-పిక్ చేసి, అంటే ఏరి తీసుకుని, అక్కడికి బ్యాక్‌పోర్ట్ చేస్తాం. తొందరలో ఉన్నప్పుడు ముందు పాత బ్రాంచ్‌లో సరిచేసేసి, మెయిన్ సంగతి తర్వాత చూద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ తర్వాత చూడటం జరగదు, వచ్చే పెద్ద రిలీజ్‌లో అదే బగ్ మళ్లీ లేస్తుంది. అందుకే ఈ వరసను ఎంత ఒత్తిడి ఉన్నా మార్చం.

సున్నా ఎక్కడి నుంచి వచ్చింది

ఒక వాడుకరి పరికరాల నుంచి వచ్చే పెద్ద పెద్ద కౌంటర్ విలువల వేరియన్స్‌ను (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతను) మా స్ట్రీమింగ్ అక్యుములేటర్‌తో (డేటా వచ్చేకొద్దీ లెక్కను కూడబెట్టే భాగంతో) లెక్కిస్తున్నారు. డేటా ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఒక్కో ముక్కను ఒక్కో ప్రాసెస్ చూసుకుంటుంది, చివర్లో అన్నీ కలుపుతారు. డేటా కదులుతున్నట్టు గ్రాఫ్‌లో కళ్లకు కనిపిస్తోంది, వేరియన్స్ మాత్రం సున్నా వస్తోందని ఇష్యూ తెరిచారు. దాంతోపాటు చాలా పెద్ద ఫైలు జతచేశారు.

వచ్చిన ఇష్యూలను పరిశీలించి వర్గీకరించే మా ట్రయాజ్ బృందంలో ఒక వలంటీరు ఆ ఫైలును నరుక్కుంటూ నరుక్కుంటూ మూడు సంఖ్యలకు తెచ్చారు: 100000001, 100000002, 100000003. సగటు 100000002. శాంపిల్ వేరియన్స్ 1 అని నోటి లెక్కతో తేలిపోతుంది. మా అక్యుములేటర్ 0 అంటోంది. ఈ కేసులో అన్నిటికంటే విలువైన పని ఇదేనని నా అభిప్రాయం. ఆ తర్వాత జరిగిన ప్రతి చర్చా ఈ మూడు సంఖ్యల మీదే నడిచింది. అంత చిన్న ఉదాహరణ చేతిలో ఉంటే వాదనలు ఊహల్లోకి పోవు.

తప్పు ఏ కమిట్‌తో వచ్చిందో వెతికే గిట్ బైసెక్ట్ నడిపితే 2.3.0కు ముందు కలిసిన ఒక కమిట్ దగ్గర ఆగింది. ముక్కల్ని సమాంతరంగా లెక్కించి కలపడం అప్పుడే చేర్చారు. కలపడం తేలికగా ఉండాలని ప్రతి ముక్కకూ మూడే విలువలు దాచారు: ఎన్ని సంఖ్యలు, వాటి మొత్తం, వాటి వర్గాల మొత్తం. రెండు ముక్కల్ని కలపాలంటే మూడు కూడికలు చాలు. చివర్లో వర్గాల మొత్తం నుంచి సగటు వర్గానికి n రెట్లు (n అంటే ఎన్ని సంఖ్యలో ఆ లెక్క) తీసేసి, n−1తో భాగిస్తారు. కాగితం మీద సూత్రం తప్పు కాదు.

కంప్యూటర్ దశాంశ సంఖ్యల్ని దాచే మామూలు రూపం డబుల్ ప్రెసిషన్. అందులో ఏం జరుగుతుందో చూడండి. అంకెలు దాచడానికి డబుల్‌కు 53 బిట్లు. సుమారు 9×10¹⁵ దాటాక ప్రతి పూర్ణాంకాన్నీ అది పట్టుకోలేదు, అక్కడి నుంచి సరి సంఖ్యలే దొరుకుతాయి. 100000001 వర్గం 10000000200000001. చివర ఉన్న 1 పోయి 10000000200000000 అవుతుంది. రెండో వర్గం 10000000400000004 అలాగే నిలుస్తుంది. మూడోది 10000000600000009 కావాల్సింది, 10000000600000008 అవుతుంది. మూడూ కలిపితే 30000001200000012. అసలు మొత్తం 30000001200000014. సగటు వర్గానికి మూడు రెట్లు కూడా కచ్చితంగా 30000001200000012. తీసేస్తే సున్నా. మనకు కావలసిన 2, రౌండింగ్‌లో పోయిన ఆ రెండు ఒకట్లలోనే ఉంది.

టెస్టులు ఎందుకు పట్టుకోలేదన్నది నేను వెంటనే అడిగిన ప్రశ్న. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇలాంటి పరీక్షల కోసమే సరిచూసిన డేటాసెట్లు ప్రచురించింది. వాటిలో నమ్‌ఆక్1 అనే సెట్‌లో మూడే సంఖ్యలు: 10000001, 10000003, 10000002. అది మా టెస్టుల్లో ఉంది, ఎప్పుడూ పాసవుతూనే ఉంది. కారణం ఒక్క సున్నా. కోటి వర్గం 10¹⁴ దగ్గర ఉంటుంది, డబుల్ దాన్ని తేలిగ్గా మోస్తుంది. పది కోట్ల వర్గాన్ని మోయలేదు. అదే వరుసలో నమ్‌ఆక్4 ఉంది: 1001 విలువలు, సగటు 10000000.2, ప్రామాణిక విచలనం (వేరియన్స్ వర్గమూలం) 0.1. అక్కడ వర్గాల మొత్తం 10¹⁷ దాకా పోతుంది, మనం వెతికే తేడా 10 మాత్రమే. ఆ పరిమాణం దగ్గర పక్కపక్క డబుల్ సంఖ్యల మధ్య ఎడమే 16. మా టెస్టుల్లో ఆ సెట్ లేదు.

ఇది ఎంత తీవ్రమైన బగ్ అన్న దాని మీద కాస్త చర్చ జరిగింది. ఎవరి ప్రోగ్రామూ ఆగిపోలేదు, ఫిర్యాదు చేసింది ఒక్కరే, తర్వాతి మైనర్ రిలీజ్ దాకా ఆగొచ్చు కదా అన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. క్రాష్ తన గురించి తనే చెప్పుకుంటుంది. నోరెత్తకుండా వచ్చే తప్పు జవాబు రిపోర్టుల్లోకి, వ్యాసాల్లోకి, తర్వాతి లెక్కల్లోకి వెళ్లి కూర్చుంటుంది. ఫిర్యాదు ఒక్కటే వచ్చిందంటే ఒక్కరికే జరిగిందని అర్థం కాదు, ఒక్కరే గమనించారని అర్థం. దీన్ని ప్యాచ్ రిలీజ్‌కు గుర్తు పెట్టాం.

ఒకే ఫిక్స్‌ను రెండుగా విడదీయడం

సరైన పద్ధతి కొత్తదేమీ కాదు. సంఖ్యలు ఒక్కొక్కటిగా వస్తుంటే సగటును, విచలన వర్గాల మొత్తాన్ని (సగటు నుంచి ఒక్కో సంఖ్యకున్న తేడా వర్గాల మొత్తాన్ని) అప్పటికప్పుడు సవరించుకుంటూ పోయే పద్ధతిని వెల్ఫర్డ్ 1962లోనే ప్రచురించారు. రెండు ముక్కల్ని కలిపే సూత్రాన్ని చాన్, గోలబ్, లెవెక్ ఇచ్చారు. ముక్కకు దాచేది ఎన్ని సంఖ్యలో ఆ లెక్క, సగటు, విచలన వర్గాల మొత్తం. కలిపేటప్పుడు రెండు విచలన మొత్తాలకూ, సగటుల తేడా వర్గాన్ని రెండు ముక్కల్లో ఎన్నెన్ని సంఖ్యలున్నాయో వాటి లబ్ధంతో గుణించి, మొత్తం ఎన్ని సంఖ్యలో దానితో భాగించి చేర్చాలి.

మన మూడు సంఖ్యల మీద పెట్టి చూద్దాం. మొదటి ముక్కలో 100000001, 100000002: సగటు 100000001.5, విచలన వర్గాల మొత్తం 0.5. రెండో ముక్కలో 100000003 ఒక్కటే: విచలనం 0. సగటుల తేడా 1.5, దాని వర్గం 2.25, దాన్ని 2తో, 1తో గుణించి 3తో భాగిస్తే 1.5. మొత్తం 0.5 + 0 + 1.5 = 2. రెండుతో భాగిస్తే 1. ఎక్కడా పెద్ద సంఖ్య వర్గం కట్టలేదు, ఎక్కడా అంకెలు పోలేదు.

సూత్రం దొరికింది కాబట్టి పని అయిపోయిందనుకోవడానికి లేదు. మా అక్యుములేటర్ స్థితిని చాలామంది డిస్క్ మీద దాచుకుంటారు. రోజూ వచ్చే డేటాను నిన్నటి స్థితికి కలుపుకుంటూ పోతారు. పాత ఫైళ్లలో సంఖ్య, మొత్తం, వర్గాల మొత్తం ఉన్నాయి. కొత్త కోడ్‌కు కావలసింది వేరు. ప్యాచ్ రిలీజ్‌లో ఫైలు రూపం మార్చేస్తే, ఒకే సంస్థలో ఒక మెషీన్ 2.3.4 మీద, ఇంకో మెషీన్ 2.3.2 మీద ఉన్నవాళ్ల పని ఆగిపోతుంది. ప్యాచ్ అంటే ఎక్కించి మర్చిపోవచ్చు అని వాడుకరులకు మేమిచ్చిన మాట. ఆ మాట పోతే తర్వాతి ప్యాచ్‌ను ఎవరూ ఎక్కించరు.

ఫిక్స్ రాసిన కంట్రిబ్యూటర్ మొదటి పుల్ రిక్వెస్ట్‌లో (కోడ్ మార్పును కలపమని పెట్టే ప్రతిపాదనలో) అన్నీ ఒకేసారి చేశారు: కొత్త సూత్రం, కొత్త ఫైలు రూపం, ఫైల్లోని పాత విలువల పేర్ల తొలగింపు. కోడ్ శుభ్రంగా ఉంది. అయినా దాన్ని రెండు చేయమని అడిగాను. మొదటిది మెయింటెనెన్స్ బ్రాంచ్‌కు యథాతథంగా వెళ్లగలగాలి, రెండోది మెయిన్‌లోనే ఉండాలి. మా ఫైళ్లు పేరు-విలువ జతలుగా ఉంటాయి, పాత వెర్షన్లు తెలియని పేర్లను వదిలేస్తాయి. కాబట్టి మొదటి పుల్ రిక్వెస్ట్ పాత మూడు విలువలతోపాటు కొత్త రెండు కూడా రాస్తుంది. చదివేటప్పుడు కొత్తవి ఉంటే వాటినే నమ్ముతుంది. లేకపోతే పాతవాటి నుంచి లెక్కించి, అంకెలు పోయి ఉండొచ్చనిపిస్తే హెచ్చరిక ఇస్తుంది. రెండో పుల్ రిక్వెస్ట్ పాత పేర్లను పూర్తిగా తీసేస్తుంది, అది 2.4తోనే బయటికి వస్తుంది.

ఇలా విడదీసినందువల్ల మెయిన్‌లో కలిసిన కమిట్‌నే ఒక్క అక్షరం మారకుండా 2.3 బ్రాంచ్‌లోకి చెర్రీ-పిక్ చేయగలిగాం. బ్యాక్‌పోర్ట్ కోసం చేత్తో తిరగరాసిన కోడ్ రివ్యూలో ఎవరూ చూడని కోడ్ అవుతుంది. ఫిక్స్‌ను మొదటి నుంచీ బ్యాక్‌పోర్ట్‌కు వీలయ్యే ముక్కగా రాయించడం రిలీజ్ చూసేవాళ్లు పుల్ రిక్వెస్ట్ తెరిచిన రోజే అడగాల్సిన విషయం.

ఆ హెచ్చరిక ఎప్పుడివ్వాలన్నది కూడా రివ్యూలో బాగా నలిగింది. ప్రతి పాత ఫైలుకూ ఇస్తే జనం దాన్ని ఆపేసుకుంటారు. తీసివేత తర్వాత మిగిలిన తేడా, వర్గాల మొత్తాన్ని మెషీన్ ఎప్సిలాన్‌తో (డబుల్‌లో 1కి, దాని తర్వాతి సంఖ్యకు మధ్య తేడాతో) గుణిస్తే వచ్చేదానికంటే బాగా పెద్దదై ఉంటే ఆ జవాబు నమ్మొచ్చు. మన మూడు సంఖ్యల దగ్గర ఆ హద్దు 3×10¹⁶ ఇంటు 2.2×10⁻¹⁶, అంటే సుమారు 6.7. నిజమైన తేడా 2 ఆ రొదలో మునిగిపోయింది. ఇలాంటి ఫైళ్లకే హెచ్చరిక వస్తుంది.

పక్క ప్యాకేజీల టెస్టులు

కొత్త కోడ్‌తో నైట్లీ బిల్డ్ (రోజూ రాత్రి కట్టే పరీక్షా వెర్షన్) తయారవగానే, మమ్మల్ని వాడే ప్యాకేజీల టెస్టులు దాని మీద నడిపించాం. రిలీజ్ క్యాండిడేట్ (విడుదలకు ముందు ఇచ్చే తుది పరీక్షా వెర్షన్) దాకా ఆగలేదు. రెండు చోట్ల విరిగాయి, రెండూ వేర్వేరు పాఠాలు.

ఒక ప్యాకేజీ టెస్టులో ఆశించిన విలువగా మా పాత తప్పు జవాబే రాసి ఉంది. ఎవరో ఒకప్పుడు ప్రోగ్రామ్ నడిపి, వచ్చిన విలువను కాపీ చేసి పెట్టుకున్నారు. దాని మెయింటెయినర్లకు మూడు సంఖ్యల ఉదాహరణ, చేతి లెక్క పంపితే వెంటనే అర్థమైంది. పాత జవాబు, కొత్త జవాబు రెండిటినీ కొంతకాలం ఒప్పుకునేలా టెస్ట్ మార్చి వాళ్ల రిలీజ్ ముందే చేశారు.

రెండోది లోతైన సమస్య. ఆ ప్యాకేజీ వేరియన్స్ సరిగ్గా సున్నా అయిన కాలమ్‌లను మార్పు లేనివిగా గుర్తించి పక్కన పెడుతుంది. మా మొదటి ఫిక్స్‌లో ఒక్కో ముక్క లోపల ముందు సగటు కట్టి, తర్వాత విచలనాలు లెక్కించేవాళ్లం. 0.1 మూడుసార్లు ఉన్న కాలమ్ తీసుకోండి. 0.1+0.1+0.1 డబుల్‌లో 0.30000000000000004. మూడుతో భాగిస్తే 0.10000000000000002. సగటు అసలు విలువతో సరిపోలదు, విచలనం సున్నా కాదు, వేరియన్స్ అతి చిన్న ధన సంఖ్య అవుతుంది. పాత కోడ్‌లో ఇదే కాలమ్‌కు తీసివేత రుణంలోకి పోయేది, రుణ విలువను సున్నా చేసేవాళ్లం, అలా సున్నా వచ్చేది. తప్పు దారిలో వచ్చినా అది వాళ్లకు పనికొచ్చిన సున్నా.

సున్నాతో సమానమా అని ఫ్లోటింగ్ పాయింట్‌ను అడగడం వాళ్ల తప్పు, వాళ్లే మార్చుకోవాలి అని ఒక అభిప్రాయం వచ్చింది. నేను దానితో ఏకీభవించను. అన్నీ ఒకే విలువ అయితే వేరియన్స్ సున్నా రావాలని ఆశించడం న్యాయమే, మేము ఇవ్వగలిగితే ఇవ్వాలి. ఇవ్వడమూ కష్టం కాదు: ముక్కలోని ప్రతి విలువ నుంచి మొదటి విలువను తీసేసి, మిగిలినవాటి మీద లెక్క నడిపితే చాలు. ఒకే విలువలున్న కాలమ్‌లో అన్నీ సున్నాలే మిగులుతాయి, సగటు మొదటి విలువే అవుతుంది, ముక్కల్ని కలిపేటప్పుడు సగటుల తేడా కూడా సున్నాయే. ఫిక్స్‌ను అలా మార్చాం, దానికో టెస్ట్ పెట్టాం. ఫిక్స్ కలిసేలోపే పక్క ప్యాకేజీల టెస్టులు నడపకపోతే ఇది విడుదలయ్యాక తెలిసేది.

మా సొంత టెస్టుల్లో ఆర్మ్64 అనే ప్రాసెసర్ రకం మీద ఒకటి చివరి బిట్ తేడాతో పడింది. కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే జీసీసీ కంపైలర్ తన మామూలు సెట్టింగుల్లో గుణకారాన్ని, కూడికను కలిపి ఒకే ఇన్‌స్ట్రక్షన్‌గా మార్చేయగలదు. ఆర్మ్64లో ఆ ఇన్‌స్ట్రక్షన్ ఎప్పుడూ ఉంటుంది, ఎక్స్86-64 ప్రాసెసర్ల కనీస స్థాయిలో ఉండదు. అందుకని ఒకే కోడ్‌కు రెండు చోట్ల చివరి బిట్ మారుతుంది. అన్ని టెస్టులకూ టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) పెంచేద్దామన్న సూచనను పక్కన పెట్టాం. పూర్ణాంకాల డేటాకు జవాబు కచ్చితంగా సరిపోవాలి. నమ్‌ఆక్4కు సాపేక్షంగా 10⁻⁷ ఇచ్చాం, దానికి కారణం కోడ్‌లోనే వ్యాఖ్యగా రాశాం: కోటి దగ్గర డబుల్ సంఖ్యల మధ్య ఎడం సుమారు 1.9×10⁻⁹ కాబట్టి 10000000.2 అన్న డేటాయే కచ్చితంగా నిల్వ కాదు, ఎంత మంచి పద్ధతికైనా ఎనిమిది అంకెల చుట్టూ హద్దు ఉంటుంది. కారణం రాయని టాలరెన్స్‌ను తర్వాత వచ్చినవాళ్లు పెంచుకుంటూ పోతారు.

రిలీజ్‌లోకి రానివ్వనివి

2.3.4 వస్తోందని తెలియగానే అందరికీ తమ కమిట్ గుర్తొచ్చింది. డాక్యుమెంటేషన్ సవరణలు తీసుకున్నాం. ఒక చిన్న వేగం పెంపును 2.4కు పంపాం. ఎక్కువ చర్చ జరిగింది మా వీల్స్‌లో (నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునే పైథాన్ ప్యాకేజీ ఫైళ్లలో) కలిపి పంపే ఓపెన్‌బ్లాస్‌ను (మాత్రికల లెక్కల లైబ్రరీని) కొత్త వెర్షన్‌కు మార్చాలన్న ప్రతిపాదన మీద. కొత్త వెర్షన్‌లో మంచి ఫిక్స్‌లున్నాయి, ఎలాగూ వీల్స్ కడుతున్నాం కదా అన్నది వాదన.

పైథాన్ సంఖ్యా లైబ్రరీ అయిన నమ్‌పై ప్రాజెక్ట్ అనుభవాన్ని గుర్తుచేశాను. 2020లో విండోస్ 10 2004 వెర్షన్ రన్‌టైమ్‌లోని, భాగహార శేషం ఇచ్చే ఎఫ్‌మాడ్ ఫంక్షన్ ప్రాసెసర్ ఫ్లోటింగ్ పాయింట్ స్థితిని చెడగొట్టి వదిలేది. ఆ వెంటనే నడిచే ఓపెన్‌బ్లాస్ రొటీన్లు దెబ్బతినేవి. దానికి విరుగుడుగా ఓపెన్‌బ్లాస్ 0.3.12ను పెట్టుకుని అక్టోబరు చివర్లో నమ్‌పై 1.19.3 వచ్చింది. ఆ వెర్షన్ కొన్ని డాకర్ (ప్రోగ్రామ్‌లను వేరుచేసి నడిపే కంటైనర్) పరిసరాల్లో సమస్యలు తెచ్చింది. నవంబరు మొదట్లోనే 1.19.4 వచ్చి పాత ఓపెన్‌బ్లాస్‌కు వెనక్కి వెళ్లింది. విరుగుడుకు బదులు, ఇంపోర్ట్ సమయంలోనే ఒక చిన్న పరీక్ష నడిపి, రన్‌టైమ్‌లో ఆ లోపం ఉంటే స్పష్టమైన ఎర్రర్‌తో ఆగిపోయేలా చేసింది. ఆ నిర్ణయం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. ఒక వేదికను కాపాడబోయి ఇంకో వేదికను విరగ్గొట్టే బదులు, తప్పు జవాబు ఇవ్వకుండా ఆపి, కారణం చెప్పారు. డిపెండెన్సీ మార్పు ఎంత చిన్నదిగా కనిపించినా దాని ప్రభావం మన టెస్టులు చూడని చోట బయటపడుతుంది. అంతేకాదు, 2.3.4 తర్వాత ఎవరి జవాబైనా మారితే కారణం ఒక్కటే అని చెప్పగలగాలి. ఓపెన్‌బ్లాస్ కూడా మారితే ఆ మాట చెప్పలేం. ప్రతిపాదన చేసినవారు ఒప్పుకున్నారు, అది మెయిన్‌లో కలిసింది.

మిగతాది మామూలు క్రమమే. రిలీజ్ క్యాండిడేట్ ఇచ్చాం, ఆగాం, కొత్తగా ఏమీ రాలేదు. పైథాన్ ప్యాకేజీల భాండాగారం పైపీఐలో ఒకసారి ఎక్కించిన ఫైలు పేరును, తొలగించినా సరే, మళ్లీ వాడలేం. అందుకే వీల్స్‌ను ముందు పరీక్షా ఇండెక్స్‌కు ఎక్కించి, ఖాళీ పరిసరంలో ఇన్‌స్టాల్ చేసి, ప్రతి వేదిక మీదా ఆ మూడు సంఖ్యలు నడిపి 1 వచ్చిందని చూశాకే అసలు ఇండెక్స్‌కు పంపాం. 2.3.0 నుంచి 2.3.3 దాకా యాంక్ చేయాలా (మామూలు ఇన్‌స్టాల్‌లో రాకుండా ఉపసంహరించాలా) అన్న ప్రశ్న వచ్చింది. చేయలేదు. స్ట్రీమింగ్ వాడనివాళ్లకు ఆ వెర్షన్లలో తప్పేమీ లేదు, వెర్షన్ కచ్చితంగా పిన్ చేసుకున్నవాళ్లకు యాంక్ చేసినా అదే వెర్షన్ ఇన్‌స్టాల్ అవుతుంది. అలాంటివాళ్లకు చేరాల్సింది సమాచారం.

రిలీజ్ నోట్స్ నేనే రాశాను, కోడ్ కంటే ఎక్కువ రివ్యూ దానికే అడిగాను. సంఖ్యా స్థిరత్వం మెరుగుపరిచాం అని ఒక వాక్యం రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. మీ డేటా సగటును ప్రామాణిక విచలనంతో భాగించండి అని మొదలుపెట్టాం. ఆ నిష్పత్తి వర్గాన్ని 2.2×10⁻¹⁶తో గుణిస్తే పాత జవాబులో ఉండగల సాపేక్ష దోషం ఏ స్థాయిదో తెలుస్తుంది. నిష్పత్తి 10⁴ అయితే దోషం 10⁻⁸ స్థాయి, చాలా పనులకు ఇబ్బంది లేదు. 10⁶ అయితే మూడు నాలుగు అంకెలే నమ్మదగ్గవి. 10⁸ దగ్గర జవాబులో ఏమీ మిగలదు, మూడు సంఖ్యల ఉదాహరణ సరిగ్గా అక్కడే ఉంది. పాత స్థితి ఫైళ్లలో పోయిన అంకెల్ని తిరిగి తేలేమనీ, అసలు డేటా ఉంటే మళ్లీ లెక్కించుకోమనీ నేరుగా రాశాం. ఆ పేరా చదివి తమ నిష్పత్తి చిన్నదేనని తేల్చుకున్నవాళ్లు ఇష్యూలో వచ్చి చెప్పారు. మొదట ఫిర్యాదు చేసిన వాడుకరి తన పాత ఫలితాలన్నీ మళ్లీ నడుపుకున్నారు.

ఇంకా తెరిచి ఉన్న ఇష్యూ ఒకటుంది. స్క్యూనెస్ (డేటా ఏ పక్కకు ఒరిగిందో), కుర్టోసిస్ (దాని తోకలు ఎంత బరువో) లెక్కించే అక్యుములేటర్లు కూడా ఇలాగే ఘనాల మొత్తాలు, నాలుగో ఘాతాల మొత్తాలు దాస్తున్నాయి. అక్కడ అంకెలు ఇంకా త్వరగా పోతాయి. వాటికి ఆధారమైన మూడో, నాలుగో మూమెంట్లకు కూడా కలిపే సూత్రాలున్నాయి. పుల్ రిక్వెస్ట్ రివ్యూలో ఉంది, ఈసారి మొదటి నుంచే రెండుగా విడదీసి వచ్చింది. మొదటి సగం 2.3.5కు గుర్తు పెట్టి ఉంది.